మండువా ఇంటి సామాను, పన్నెండో వంతులో

రాజోలు దగ్గర, గోదావరి పాయ అయిన వశిష్ఠ ఏటిగట్టుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో పాత మండువా ఇల్లు పడగొట్టాలని అన్నదమ్ములు నిర్ణయించుకున్నారు. వాళ్ల అక్కగారు హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ అడ్డుపడలేదు. పెంకుల కింద వాసాలు పుచ్చిపోయాయని, వానొస్తే సావిట్లో గిన్నెలు పెట్టాల్సి వస్తోందని ఆవిడకూ తెలుసు. ఇల్లు పోయేలోపు దాన్ని బొమ్మరిల్లుగా చేయించుకుని, ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువులో పెట్టుకోవాలన్నది ఆవిడ కోరిక. గోడలు, కప్పు, స్తంభాలు ప్లైవుడ్‌తో వేరే ఆయన చేసిచ్చాడు. లోపలి సామానంతా చేయమని నన్ను అడిగారు.

ఆ పనిలో ఏ వస్తువుకు ఏ పదార్థం ఎంచుకున్నానో, ఎందుకు ఎంచుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. మినియేచర్ పని నేర్చుకుందామనుకునే మనవాళ్లకు దొరికే పాఠాలు ఎక్కువగా విదేశీ ఇళ్లవే. సోఫా ఎలా చేయాలో, ఫైర్‌ప్లేస్ ఎలా కట్టాలో వాటిలో ఉంటుంది. నులకమంచం కోళ్లెంత లావుండాలో, బిందె అంచు ఎంత పల్చగా రావాలో ఉండదు.

టీచరుగారు ఇచ్చిన జాబితా పెద్దది. ఉయ్యాల బల్ల, పందిరి మంచం, నులకమంచం, నవారు మంచం, పడకకుర్చీ, భోషాణం, కావిడిపెట్టె, గోడమీద పటాలు, వంటింట్లో రోలు, తిరగలి, సన్నికల్లు, కత్తిపీట, ఉట్టి, జాడీలు, గంగాళం, బిందెలు, చెంబులు, పెరట్లో కొబ్బరికాయల రాశి. ఆఖర్న ఒక షరతు కూడా రాశారు: "అన్నీ మా ఇంటి టేకుతోనే చెయ్యాలమ్మాయ్." విరిగిన ద్వారబంధం ముక్కలు మూటగట్టి జాబితాతోపాటే పంపించారు. ఈ పనిలో అసలు చర్చంతా ఆ షరతు చుట్టూనే తిరిగింది.

కొలత సంగతి

బొమ్మరిళ్లలో ఎక్కువ వాడే కొలత ఒకటికి పన్నెండు. అంటే అసలు వస్తువులో ఒక అడుగు మన చేతిలో ఒక అంగుళం. ఇది మన పాత ఇళ్లకు బాగా కుదురుతుంది, ఎందుకంటే వాటిని కట్టిన వడ్రంగులు అడుగులు అంగుళాల్లోనే కట్టారు. ఆరడుగుల మంచం ఆరంగుళాలు. అడుగెత్తు బిందె అంగుళం. చిన్న మందాల దగ్గరే జాగ్రత్త కావాలి. అసలులో అంగుళం మందం చెక్క ఇక్కడ సుమారు రెండు మిల్లీమీటర్లు, అరంగుళం చెక్క ఒక మిల్లీమీటరు. చూసే మనిషికి సాధారణంగా పొడవు తప్పు కనిపించదు, మందం తప్పు వెంటనే కనిపిస్తుంది. బజారులో దొరికే బొమ్మ కుర్చీలు బొమ్మల్లాగే ఉండిపోవడానికి కారణం వాటి కాళ్లు లావుగా ఉండటమే.

లక్కపిడతలతో దీన్ని పోల్చకూడదు. ఏటికొప్పాక లక్కపిడతలంటే నాకు ప్రాణం. కానీ అందులో తిరగలి ఒక కొలతలో ఉంటుంది, పొయ్యి ఇంకో కొలతలో ఉంటుంది. అవి పిల్లల చేతికి సరిపోయేలా చేసినవి. బొమ్మరింట్లో ప్రతి వస్తువూ ఒకే మనిషికి సరిపోవాలి. ఐదున్నర అడుగుల మనిషిని ఐదున్నర అంగుళాలుగా ఊహించుకుని, ఆ మనిషి ఈ పీట మీద కూర్చోగలదా, ఈ ఉట్టి అందుతుందా అని ప్రతిసారీ చూసుకోవాలి. నేను అట్టముక్కతో ఆ కొలత మనిషిని కత్తిరించి బల్లమీద ఎప్పుడూ ఉంచుకుంటాను.

ఇల్లు ఇంకా నిలబడి ఉండగానే కొలతలు తీసుకున్నాను. టీచరుగారికి భోషాణం చాలా పెద్దదిగా గుర్తుంది, తనూ చెల్లెలూ దానిమీద పడుకునేవారట. కొలిస్తే నాలుగున్నర అడుగుల పొడవే వచ్చింది. చిన్నప్పటి గుర్తుకు చిన్నప్పటి కొలతే ఉంటుంది, ఆవిడ మాట తప్పేమీ కాదు. అయినా నేను టేపు కొలతనే తీసుకున్నాను. ఒక వస్తువును గుర్తును బట్టి పెంచితే దాని పక్కనున్న తలుపూ స్తంభమూ అబద్ధమైపోతాయి.

పందిరి మంచం ఎప్పుడో అమ్మేశారు. ఒక పాత పెళ్లి ఫొటోలో మాత్రం ఉంది. ఫొటోనుంచి కొలత తీయాలంటే అందులో మనకు అసలు కొలత తెలిసిన వస్తువు ఒకటి, మంచంతో సమానమైన దూరంలో ఉండాలి. ముందున్నదాన్నో వెనకున్నదాన్నో పట్టుకుంటే లెక్క తప్పుతుంది. అదృష్టం కొద్దీ మంచం కోడు పక్కనే నేలమీద హరికేన్ లాంతరు ఉంది, అదే లాంతరు ఇంకా ఆ ఇంటి అటకమీద ఉంది. లాంతరు ఎత్తును పట్టుకుని కోళ్ల ఎత్తు, పందిరి గుంజల ఎత్తు లెక్కగట్టాను. ఫొటోలో వెనక్కి వెళ్లిపోయే పొడవును మాత్రం అలా తీయలేం. దానికి ఇంట్లో మిగిలిన పాత పరుపు కొలత పనికొచ్చింది.

ఇంటి టేకు ఎందుకు పనికిరాదు

టేకు గొప్ప కర్ర. కానీ దాని మేనిలో రంధ్రాలు పెద్దవి. ఏడాది వలయం మొదట్లో వచ్చే నాళాలు పావు మిల్లీమీటరు దాకా ఉంటాయి, కోసిన చెక్కమీద అవి సన్నటి గాడులుగా కనిపిస్తాయి. అసలు భోషాణం మీద అవి అందం. పన్నెండో వంతు భోషాణం మీద అదే గాడి మూడు మిల్లీమీటర్ల వెడల్పు కాలవగా కనిపిస్తుంది కంటికి. పైగా వలయాల చారలు మరీ వెడల్పుగా పడి, నాలుగు పలకలు జోడించిన మూత ఒకే ముక్కలా అనిపిస్తుంది. అంటే అసలు టేకుతో చేస్తే అది టేకులా కనిపించదు.

ఈ మాట టీచరుగారికి నోటితో చెబితే సరిపోలేదు. "మా తాతగారు బర్మా నుంచి పడవలో తెప్పించిన కర్రమ్మా అది" అన్నారు. అందుకే ఒకే కొలతలో రెండు పలకలు చేసి చూపించాను. ఒకటి వాళ్ల ద్వారబంధం టేకు, రెండోది అంకుడు కర్ర. ఏటికొప్పాక బొమ్మలకు వాడేది ఈ అంకుడే. తెల్లగా, మెత్తగా, సన్నటి మేనితో ఉంటుంది. అడ్డంగా కోసినా, నిలువుగా కోసినా పెచ్చు లేవదు, మిల్లీమీటరు మందం కుసి (అతుకులో దూర్చే నాలుక) కూడా నిలబడుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కూడా ప్రయత్నించదగ్గదే, చాలా తేలిక, చెక్కడానికి సుఖం. కానీ సన్నటి కోళ్లకూ అంచులకూ అది మరీ మెత్తన. అంచు నిలవదు.

అంకుడు పలకకు ముందు చిక్కటి టీ డికాక్షన్ పూశాను. ఆరాక, ఇనుప మేకులు వెనిగర్‌లో నానబెట్టి వడకట్టిన నీళ్లు పల్చగా పూశాను. టీలో ఉండే టానిన్‌తో ఇనుము కలిసి చెక్క లోపలినుంచి నల్లబడుతుంది. రంగు పూతతో వచ్చే నలుపు వేరు, ఇలా వచ్చే నలుపు వేరు. దానిమీద స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ పలచటి పూతలుగా పట్టించాను. రెండు పలకలూ అసలు భోషాణం పక్కన పెట్టి, ఏది ఏదో చెప్పకుండా టీచరుగారిని అడిగాను. ఆవిడ అంకుడు పలకనే తీసి, "ఇదే కదూ మనది" అన్నారు. టేకు పలకను అలాగే పట్టుకుని కాసేపు మాట్లాడలేదు.

చివరికి ఇద్దరం ఒక ఏర్పాటుకు వచ్చాం. కంటికి కనిపించే చెక్కంతా అంకుడు. బొమ్మరిల్లు నిలబడే పీఠం, భోషాణం అడుగు పలక, ఉయ్యాల బల్ల కింది వైపు బద్దలు ఆ ఇంటి టేకు. ఇది ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి చేసిన సర్దుబాటు కాదు. ఆ కర్ర ఆ ఇంట్లో ఉండాలన్న కోరిక న్యాయమైనదే. దాన్ని ఎక్కడ పెడితే వస్తువు చెడకుండా ఉంటుందో చూడటం నా పని.

ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు కూడా ఒకటికి పన్నెండు కొలతే. ఢిల్లీ రాజధాని కట్టడాలు గీసిన లుట్యెన్స్ దాన్ని గీశాడు, 1924లో పూర్తయింది. అందులో కుళాయిలు తిప్పితే నీళ్లొస్తాయి, సీసాల్లో నిజమైన వైనే పోశారు. అసలు పదార్థమే వాడాలనే పట్టుదలకు అది పరాకాష్ఠ. సీసాలో వైన్‌కు ఆ పట్టుదల బాగానే ఉంటుంది, గాజు వెనక ఉన్న ద్రవానికి మేని చారలుండవు కాబట్టి. చెక్కకు, తాడుకు, బట్టకు అది పనిచేయదు. ప్రతి పదార్థాన్నీ పన్నెండో వంతులో అది ఎలా కనిపిస్తుంది, ఎలా వంగుతుంది అన్నదాన్ని బట్టే ఎంచుకోవాలి. అసలు వస్తువు దేనితో చేశారన్నది రెండో ప్రశ్న.

మంచాలు

నులక అసలులో సుమారు ఆరు మిల్లీమీటర్ల లావు. మనకు అర మిల్లీమీటరు కావాలి. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరిపీచు కొరతేమీ లేదు, దాంతోనే సన్నగా పేనుదామని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఒక్క పీచు పోగే బిరుసుగా తిరగబడుతుంది, పేనిన తాడు ముళ్లు లేస్తుంది. నేను సన్నటి నూలు దారం రెండు పోగులు కలిపి పేని, టీలో ముంచి ఆరబెట్టి, నూగు పోయేలా దీపం మంటమీదుగా వేగంగా లాగి, తేనెమైనం రాశాను. నూగు కాల్చడం తప్పనిసరి. దారం మీది నూగు అర మిల్లీమీటరుంటే, చూసేవాళ్లకు అది పావు అంగుళం వెంట్రుకలు మొలిచిన తాడు.

అల్లిక అసలు మంచం చూసే అల్లాను. కాళ్లవైపు బిగించే తాడును కొంచెం వదులుగా ఉంచి, మంచం నడుము రెండు మిల్లీమీటర్లు దిగేలా చేశాను. వాడిన నులకమంచం దిగి ఉంటుంది, బల్లపరుపుగా ఉంటే కొత్తది. ఆ ఇంట్లో కొత్త మంచం ఎవరికీ గుర్తులేదు.

నవారుకు బజారులో దొరికే సన్న టేపు పనికిరాదు, దాని నేత మరీ ముతక. మల్లు గుడ్డను ఆరు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, అంచులు పోగులు లేవకుండా నీళ్లు కలిపిన ఫెవికాల్ పట్టించి, ఇస్త్రీ చేసి అల్లాను. పందిరి మంచానికి కోళ్లు, గుంజలు లేత్ మీద తిప్పాను. వాటి కడియాలు, గుండ్లు ఫొటోలో ఎన్ని కనిపిస్తే అన్నే. దోమతెర తేలిగ్గానే దొరికింది. పెళ్లి ముసుగులకు వాడే మెత్తటి నెట్ చాలు. కానీ బట్ట విషయంలో ఒక కష్టం ఉంది. కొలత పన్నెండో వంతైతే బరువు 12 × 12 × 12, అంటే 1,728వ వంతు అవుతుంది. బట్టకు బరువు లేక అది కిందికి జారదు, గొడుగులా విచ్చుకుని నిలబడుతుంది. తెరను తడిపి, కాస్త గంజి కలిపి, ముడతలు గుండుసూదులతో నురుగు అట్టకు గుచ్చి ఆరబెడితేనే అది వేలాడుతున్నట్టు కనిపించింది. దుప్పటికీ, టీచరుగారి అమ్మగారి చీర ముక్కతో చేసిన దిండు గలీబుకూ ఇదే పద్ధతి.

పడకకుర్చీకి పేము అల్లిక కావాలి. అసలు అల్లికలో కన్ను సుమారు అరంగుళం, మనకు మిల్లీమీటరు. పాత దోమతెర నెట్ కన్ను దానికి చాలా దగ్గర. ఆకారం ఆరు మూలలది, పేము కన్ను ఎనిమిది మూలలది. దగ్గరికొచ్చి భూతద్దం పెడితే తప్ప తేడా తెలియదు. నెట్‌కు పసుపు గోధుమ రంగు యాక్రిలిక్ పల్చగా పట్టించి, చట్రానికి బిగించాను. పొడుగు చేతుల మీద మాత్రం పాలిష్ వేయలేదు. వాటిని వేలితో, తర్వాత పాత నూలు గుడ్డతో రుద్దుతూ పోయాను, తాతగారి మోచేతులు ఆనిన చోట మెరుపు వచ్చేదాకా.

ఉయ్యాల బల్ల

ఈ పనిలో నాకు ఎక్కువ ఆలోచన పట్టిన వస్తువు ఇదే. బల్ల చేయడం తేలిక: ఆరంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం. గొలుసులు చిలకలపూడి నగల పనిలో వాడే సన్న ఇత్తడి గొలుసు. చేతిపని చిలకలూ పద్మాలూ మధ్యమధ్యలో అతికించాను. బల్ల తేలికైపోవడం వల్ల గొలుసులు వంకరగా నిలబడ్డాయి. ఇది పైన చెప్పిన బరువు లెక్కే. టేకు బద్దల మధ్య, బల్ల అడుగున చేపల వలలకు కట్టే సీసం గుళ్లను చదును చేసి దాచి అతికించాను. గొలుసులు నిటారుగా దిగాయి.

టీచరుగారు ఉయ్యాల ఊగాలన్నారు. మధ్యాహ్నం పూట ఊగే ఆ నిదానం కావాలన్నారు. ఇక్కడ ప్రకృతి ఒప్పుకోదు. ఊపు వేగం బరువును బట్టి మారదు, గొలుసు పొడవును బట్టి మారుతుంది. తొమ్మిదడుగుల గొలుసు ఉయ్యాల ఒకసారి వెళ్లి రావడానికి సుమారు మూడుంబావు సెకన్లు. తొమ్మిదంగుళాల గొలుసుకు ఒక సెకను లోపే. ఎంత సీసం కట్టినా అది మూడున్నర రెట్ల తొందరతో గిలగిల ఊగుతుంది. చిన్న మోటారు పెట్టి నెమ్మదిగా ఆడించవచ్చు, దూలం లోపల దాచవచ్చు. నేను వద్దన్నాను. మోటారు ఊపు రెండు కొసల్లో ఆగి తిరిగే తీరు అసలు ఊపు కాదని ఉయ్యాల మీద పెరిగిన మనిషికి ఇట్టే తెలుస్తుంది. బదులుగా బల్లను నిశ్చలంగా, కానీ కొంచెం ఏటవాలుగా నిలిపాను. ఒక పక్క గొలుసు జతను మరీ స్వల్పంగా పొట్టి చేసి, ఎవరో ఇప్పుడే దిగి వెళ్లినట్టు. దాని కింద నేలమీద కాలి బొటనవేలు తన్నే చోట రంగు కొద్దిగా అరగ్గొట్టాను. ఆ అరుగుదల టీచరుగారు మొదట గమనించలేదు. వాళ్ల తమ్ముడు గమనించాడు.

ఇత్తడి సామాను

టేకు విషయంలో చెప్పిన సూత్రం ఇత్తడి దగ్గర తారుమారవుతుంది. ఇత్తడికి మేని చారలు లేవు. మెరుపు ఏ కొలతలోనైనా మెరుపే. బంగారు రంగు పూసిన చెక్క బిందె ఎంత బాగా చేసినా ఇత్తడి కాదు, కాంతి దానిమీద వేరుగా పడుతుంది. అందుకే బిందెలు, చెంబులు, గంగాళం అసలు ఇత్తడి కడ్డీ నుంచే లేత్ మీద తిప్పించాను. అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు. అక్కడ ఈ పని తెలిసిన కుటుంబం ఒకటి తిప్పిపెట్టింది. పెద్ద గంటలు, బిందెలు చేసే చేతులకు అంగుళం బిందె మొదట తమాషాగా అనిపించినా, ఒకటి చూపించాక వాళ్లే మెడ వంపు సరిచేశారు. గోదావరి బిందెకు మెడ దగ్గర నొక్కు లోతుగా ఉంటుందని, నా గీతలో అది చాలలేదని చెప్పి మార్చారు. అది నా కంటికి చిక్కని విషయం, వాళ్ల చేతికి తెలిసిన విషయం.

సమస్య అంచు దగ్గర. అసలు బిందె రేకు మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే, మనకు మిల్లీమీటరులో పన్నెండో వంతు కావాలి. కడ్డీనుంచి తొలిచిన పాత్రకు అంత పల్చన రాదు, వస్తే వేలితో నొక్కితే సొట్టపడుతుంది. మార్గం ఏమిటంటే, గోడ మందంగానే ఉంచి, నోటి దగ్గర మాత్రం లోపలివైపునుంచి ఏటవాలుగా ఆకురాయి పట్టాలి. పైనుంచి చూసేవాళ్లకు కత్తి అంచంత పల్చటి పెదవే కనిపిస్తుంది. లోపలికి ఎవరూ వేలు పెట్టలేరు కదా.

కళాయి కూడా నిజంగానే వేశాను. గంగాళాన్ని వేడిచేసి, లోపల తగరం అంటుకునేలా చేసే ఫ్లక్స్ రాసి, తగరం చుక్క వేసి దూదితో తిప్పితే తెల్లగా పట్టుకుంది. తగరం కరిగే వేడికి ఇత్తడి రంగు మారుతుంది, తర్వాత చింతపండుతో తోమాలి. తోమాక తళతళలాడే పాత్రలను అలాగే పెట్టేయకూడదని నా అభిప్రాయం. ఆ ఇంట్లో దేవుడి గది చెంబు రోజూ తోమేది, అది మెరవాలి. పెరటి బిందె ఎవరు తోముతారు? దాన్ని తడి ఉప్పు గుడ్డలో చుట్టి ఉంచి నల్లబరిచాను. ఒకే ఇంట్లో అన్ని పాత్రలూ ఒకేలా మెరిస్తే అది దుకాణం.

మిగతావి

రోలు, సన్నికల్లు, తిరగలి ఎపాక్సీ పుట్టీతో చేసి, అసలు రాతిపొడి చల్లి, అరగ్గొట్టాను. జాడీలు అంకుడు కర్ర తిప్పి ఎనామిల్ రంగు. నిండు మెరుపు రంగు ఈ కొలతలో ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది, కాస్త మ్యాట్ కలపాలి. చాపకు కొండచీపురు చివర్ల సన్న పుల్లలు, దారం పడుగు. విసనకర్రకు తాటాకు వాడితే ఈనెలు దూలాల్లా కనిపిస్తాయి, అందుకని మొక్కజొన్న పొత్తు లోపలి పొర. పెరట్లో వలిచిన కొబ్బరికాయల రాశికి కుంకుడు గింజలు. అవి గుండ్రంగా, గట్టిగా, సరిగ్గా సెంటీమీటరు దగ్గర ఉంటాయి. నల్లటి నునుపు పోయేలా సాండ్ పేపర్ పట్టి, గోధుమ రంగు వేసి, తలమీద జనపనార పిలక అంటించి, మూడు కళ్లు పొడిస్తే ఎవరూ వేరే మాట అనరు. అవి చూసి టీచరుగారి మనవరాలు ఒకటి జేబులో వేసుకుంది, అడగలేదు నేను.

బల్లమీద పరిచే లేసు గురించి ఇంకొంచెం చెప్పాలి. నరసాపురం లేసు ఆ ఇంటి ఆడవాళ్లందరి చేతిలో ఉండేది, 2024లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అసలు లేసు ముక్క కత్తిరించి పరిస్తే అందులో ఒక్క పువ్వే బల్లంతా ఆక్రమిస్తుంది. నరసాపురం దగ్గర లేసు అల్లే ఒకావిడ చాలా సన్నటి 0.4 మిల్లీమీటర్ల కొక్కెంతో, ఒంటి పోగు కుట్టు దారంతో, అంగుళం గుండ్రటి ముక్క అల్లిపెట్టారు. మామూలు నమూనాలో ఉండే వరసల్లో సగం తీసేశారు. కళ్లు లాగుతున్నాయని, పగటి వెలుతురులోనే కాసేపు కాసేపుగా అల్లారు. ఆవిడ అడిగినంత కూలీ ఇచ్చాను, అది ఆ బొమ్మరింట్లో అతి ఖరీదైన వస్తువు. అలాగే ఉండాలి.

పటాలకు అద్దం కావాలి. ప్లాస్టిక్ షీటు వంగి మెరుస్తుంది. ల్యాబుల్లో మైక్రోస్కోపు స్లైడు మీద కప్పే కవర్ స్లిప్పులు వాడాను. వాటి మందం 0.15 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండు రెట్లు చేస్తే దాదాపు రెండు మిల్లీమీటర్లు, పటం అద్దం మందం అంతే. 22 మిల్లీమీటర్ల చదరం ముక్క పదిన్నర అంగుళాల పటానికి సరిపోతుంది. పట్టుకునేటప్పుడు చేతికి గుచ్చుకుంటాయి, పిల్లల దగ్గర పెట్టుకుని చేయకండి.

గోడలు చేసిన ఆయన తలుపులన్నీ ఏడంగుళాల ఎత్తులో పెట్టాడు, అంటే ఏడడుగులు. ఆ ఇంట్లో దేవుడి గది తలుపు ఐదున్నర అడుగులే, వంగి వెళ్లాలి. గోడ కోయకుండా, కింద ఎత్తైన గడప, పైన చెక్కిన వెడల్పాటి పలక చేర్చి కిందికి దించాను. గడపకు పసుపు, బొట్లు కూడా వచ్చాయి.

వరద గీత

1986 ఆగస్టు గోదావరి వరద ఆ ఇంట్లోకీ వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. గట్టు తెగి, సావిట్లో రెండడుగుల నీళ్లు నిలిచాయట. ఆ గీత గోడమీద ఉంది, భోషాణం మీదా ఉంది. అందంగా ఉండదేమోనని తమ్ముళ్లు వద్దన్నారు. టీచరుగారు, నేను పెట్టాలన్నాం. రెండు అంగుళాల ఎత్తున గోడను తడిపి, పల్చటి మట్టి రంగు నీళ్లను కిందినుంచి పట్టించి, దానంతట అది ఆరనిచ్చాను. ఆరేటప్పుడు రంగు అంచుకు చేరి గీత తనే కడుతుంది. కుంచెతో గీస్తే ఆ వంకర రాదు. భోషాణం కింది భాగానికి లక్క పాలిష్ స్పిరిట్‌తో తుడిచేసి, చెక్కను బూడిద రంగులో వదిలాను. భోషాణం కోళ్ల కింద పెట్టిన ఇటుకలు కూడా చేశాను. వరద తర్వాత పెట్టిన ఇటుకలు వాళ్లు మళ్లీ తీయలేదు.

మన గాలిలో నిలవడానికి

డెల్టా గాలిలో తేమ గురించి చెప్పకుండా ఈ పని పూర్తి కాదు. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు కదలదు. కాబట్టి భోషాణం మూతను చట్రంలో జిగురు లేకుండా జారనిచ్చాను, కావిడిపెట్టె తలుపు చుట్టూ వెంట్రుకవాసి సందు వదిలాను. ఫెవిక్విక్ తరహా జిగురు ఇత్తడి మీద, నల్ల చెక్క మీద తెల్లటి పొర కక్కుతుంది. తేమ ఎక్కువైతే మరీను. ఇత్తడికి ఎపాక్సీయే మంచిది. లక్క పాలిష్ ముసురు రోజున పూస్తే పాలలా తెల్లబడుతుంది, ఎండ పడే పూట చూసుకుని పూయాలి. కాగితం, బట్ట అంటించే మైదా జిగురులో పాత బైండింగువాళ్లు కలిపినట్టే చిటికెడు మైలతుత్తం కలిపాను. అది విషం, చేతులు కడుక్కోవాలి, వంటింటి గిన్నె వాడకూడదు.

సామానులో దేన్నీ నేలకు శాశ్వతంగా అతికించలేదు. ఆవిడ ఏటా కొలువులో తీసి సర్దుకోవాలి. అడుగున చిన్న తేనెమైనం ఉండ నొక్కితే చాలు, వేసవిలో కాస్త మెత్తబడుతుంది గానీ కరిగి కారదు.

ఒక వర్షాకాలం గడిచాక చూడటానికి వెళ్లాను. మూత బిగియలేదు, నులక వదులవలేదు. నవారు ఒక పక్క సడలింది, బిగించాను. మొక్కజొన్న పొర విసనకర్ర అంచు చుట్టుకుంది. కొత్తది రెండు పొరలు ఎదురెదురు ఈనెలతో అంటించి చేసిచ్చాను, ఇది ముడుచుకోదు. ఉయ్యాల గొలుసు ఒకటి నల్లబడింది, తుడవవద్దన్నారు. వంటింట్లో కత్తిపీట స్థానం ఆవిడ మార్చేశారు. నేను గీసుకున్న ఇంటి పటంలో అది పొయ్యి పక్కన ఉంది, వాళ్లమ్మగారు గుమ్మం వెలుతురులో కూర్చుని తరిగేవారట. పెరట్లో గాదె లేదని కూడా అప్పుడే అన్నారు. ఇల్లు అప్పటికే లేదు, గాదె కొలతలు ఎవరి దగ్గరా లేవు. ఎన్ని బస్తాలు పట్టేదో మాత్రం తమ్ముడికి గుర్తుంది. బస్తా ధాన్యం ఎంత చోటు తీసుకుంటుందో కొలిచి, దాన్నిబట్టి గాదె ఎత్తు, చుట్టుకొలత కడుతున్నాను.